షంషుద్దీన్ నోరు మూసుకున్న రోజులు

షంషుద్దీన్ గొంతు గురించి మార్కాపురంలో అబద్ధాలు చాలా ఉన్నాయి. అతను మండీలో అరిస్తే స్టేషన్లో రైలు ఆగిపోయిందని ఒకడంటాడు, తర్లుపాడు రోడ్డులో గేదె తాడు తెంచుకుందని ఇంకొకడంటాడు. అవేవీ నమ్మనక్కర్లేదు. నమ్మదగినది ఒక్కటే. కూరగాయల మండీ మీద రేకుల కప్పు, దాని కింద హమాలీల కేకలు, ఆటోల హారన్లు, గంపల కోసం తగవులాడుకునే చిల్లర వ్యాపారులు. ఇంత గోలలోనూ ఓబులయ్య మండీలో టమాట ధర ఎక్కడ నిలిచిందో బయట నిలబడి టీ తాగేవాడికి తెలిసిపోయేది. తెలియజేసేది షంషుద్దీనే.

అతని ఉద్యోగం వేలం పాడటం. ఆ వైపు దాన్ని ఉత్తగా పాట అంటారు. రైతు తెచ్చిన సరుకు రాశి పోస్తారు, కొనేవాళ్లు చుట్టూ చేరతారు, షంషుద్దీన్ ఒక చెక్కపెట్టె ఎక్కి ధర అందుకుంటాడు. ఒకటోసారి అని కొంచెం, రెండోసారి అని ఇంకొంచెం సాగదీస్తాడు. మూడోసారి అనే ముందు ఎవడి చెవులు ఎర్రబడ్డాయో చూసి వాడివైపు తిరుగుతాడు. "ఏం బావా, టమాటాలు లేకుండ ఇంటికి పోతే వదిన తలుపు తీస్తదా?" అని ఒక చురక వేస్తాడు. జనం నవ్వుతారు, ఆ బావ సిగ్గుకొద్దీ ఇంకో మెట్టు ఎక్కుతాడు. బేస్తవారిపేట నుంచి వచ్చే రైతులు కూడా మధ్యలో పది మండీలు దాటుకుని ఇక్కడికే వచ్చేవాళ్లంటే ఈ చురకల వల్లనే. షంషుద్దీన్, మండీ యజమాని ఓబులయ్య నాయన బతికున్న రోజుల్లో, మూతిమీద మీసం సరిగా రాకముందు నెలజీతానికి చేరిన మనిషి. ఇప్పుడు గడ్డం కూడా నెరిసింది.

అలాంటి గొంతు ఒకరోజు పొద్దున బీరకాయల రాశి ముందు ఆగిపోయింది. రెండోసారి అన్నాడు, మూడోసారి అనబోయాడు, నోట్లోంచి గాలి వచ్చింది కానీ మాట రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని ఒక హమాలీ వెనకనుంచి వీపు మీద ఒక్కటి చరిచాడు. బస్తాలు మోసే చేయి కదా, గొంతు సంగతి అలా ఉంచి షంషుద్దీన్ పెట్టె మీదనుంచి బీరకాయల్లో పడ్డాడు.

వారానికోసారి ఒంగోలు నుంచి వచ్చే చెవి ముక్కు గొంతు డాక్టరు అతని ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూశాడు. గొంతు లోపల స్వరం పుట్టే చోట కాయలు కాచాయన్నాడు. ఏళ్ల తరబడి అరిచి అరిచి కాచిన కాయలట. రెండు నెలలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చెరుపు చేస్తాయి. దగ్గకూడదు, గొంతు సవరించకూడదు, పగలబడి నవ్వకూడదు. మాట వినకపోతే ఉన్న గొంతు కూడా ఉండదు.

"తరవాత ఇంట్లో మామూలుగా మాట్లాడుకోవచ్చు. అరవడం మాత్రం ఇక జన్మలో వద్దు. ఆ పాట సంగతి మర్చిపోండి," అన్నాడు డాక్టరు.

మర్చిపోతే తినేదేంటని అడగడానికి షంషుద్దీన్ నోరు తెరిచాడు. డాక్టరు వేలు చూపించాడు. అతను నోరు మూసుకున్నాడు. ఆ క్షణం నుంచి అతని లోపల పేరుకున్న మాటలు ఇన్నీ అన్నీ కావు.

ఇంట్లో మొదటి రెండు రోజులు షరీఫాబీకి పండగలా గడిచాయి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె మొదలుపెట్టిన ఏ వాక్యాన్నీ మొగుడు చివరిదాకా పోనిచ్చింది లేదు. ఇప్పుడు మొదలుపెట్టినవన్నీ చివరిదాకా పోయాయి. ఎప్పుడో జరిగిన మరిది పెళ్లిలో తనకు వడ్డించడం మర్చిపోయిన సంగతి కూడా బయటికి తీసి, ఆరబెట్టి, మడతపెట్టింది. మూడోరోజుకు ఆమెకు విసుగొచ్చింది.

"ఎదురు చెప్పే మనిషి లేకపోతే తిట్టేదాంట్లో రుచేముంది," అని చీపురు అక్కడే పడేసి కూర్చుంది. "ఒక్కసారి కోపంగా చూడు. అంతన్నా చెయ్యి."

షంషుద్దీన్ కోపంగా చూశాడు. ఆమె సంతోషించింది.

బయట మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆ ప్రాంతంలో మనిషి మాట్లాడటం మానేస్తే ఎవరూ జబ్బనుకోరు. మాటల్లేవు అనుకుంటారు. గట్టు తగాదాకో, పెళ్లిపిలుపు తేడాకో అన్నదమ్ముల మధ్య మాటల్లేవు, వియ్యంకుల మధ్య మాటల్లేవు. ఏళ్లకేళ్లు అలా ఉండటం, నలుగురూ కూర్చోబెట్టి కలపడం అక్కడ మామూలే. కాబట్టి షంషుద్దీన్ ఎదురుపడి తలూపి వెళ్లిపోతే, ప్రతివాడూ తాను చేసిన తప్పేంటా అని ఇంటికి వెళ్లి ఆలోచించాడు. టీకొట్టు మనిషి ఆలోచించగా ఆలోచించగా ఒకనాడు పాచిపోయిన బన్ను ఇచ్చింది గుర్తొచ్చి, తాజా బన్ను పట్టుకుని ఇంటికే వచ్చాడు. పక్కింటాయన గోడవారగా పడేసిన ఇసుక మారు మాట్లాడకుండా ఎత్తించేశాడు. షంషుద్దీన్‌కు ఆ బన్ను మీదా కోపం లేదు, ఆ ఇసుక మీదా కోపం లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు లేదు, అందుకని రెండూ పుచ్చుకున్నాడు.

గిద్దలూరు నుంచి బావమరిది అల్తాఫ్ కూడా దిగాడు. చెల్లెలితో బావకు మాటల్లేవని ఎవరో ఫోన్ చేశారట. వచ్చీరాగానే మంచం మీద కూర్చుని పెద్దమనిషి గొంతు పెట్టాడు.

"బావా, సంసారమన్నాక ఉంటాయి. మా చెల్లెలికి నోరు జాస్తి, నేను కాదనను. చిన్నప్పటి నుంచి అంతే. కానీ రోజులు రోజులు మాట్లాడకుండ ఉంటే ఎట్ల?"

"గొంతులో కాయలున్నాయన్నా. డాక్టర్ మాట్లాడొద్దన్నాడు," అంది షరీఫాబీ.

"నువ్వు ఊరుకోమ్మా. కాపురంలో సంగతి కప్పిపుచ్చుకుంటున్నావని తెలుసులే," అని కళ్లు తుడుచుకున్నాడు అల్తాఫ్.

షంషుద్దీన్ డాక్టరు చీటీ చూపించాడు. అల్తాఫ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, డాక్టర్ల రాత ఎవరికి అర్థమవుతుందిలే అని మడిచి ఇచ్చేశాడు. చివరికి షంషుద్దీన్ లేచి, అందరి ముందూ షరీఫాబీకి తన చేత్తో టీ కలిపి ఇస్తే తప్ప ఆ పంచాయితీ తేలలేదు. అల్తాఫ్ తృప్తిగా భోంచేసి గిద్దలూరు బస్సెక్కాడు.

ఇదంతా నవ్వులాట. మండీలో జరిగింది మాత్రం నవ్వులాట కాదు.

ఓబులయ్య చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత జరిగింది విని అతన్ని తిట్టుకుంటారు. చీటీ పట్టుకుని షంషుద్దీన్, వెనక షరీఫాబీ వెళ్లినప్పుడు కుర్చీ వేయించాడు, నీళ్లిప్పించాడు. ఆ తర్వాత అన్నాడు.

"పాట పాడలేనోనికి పాట మండీల ఏం పని షంషూ? నువ్వే చెప్పు."

షంషుద్దీన్ చెప్పలేడు కదా.

"మా బామ్మర్ది కొడుకు కిరణ్‌ను పెట్టినా. నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో. గొంతొస్తే చూద్దాం. రాకపోతే మనం చేసేదేముంది, నీ నసీబు," అని లేచి రాశుల దగ్గరికి వెళ్లిపోయాడు.

అంతే. పాతికేళ్లకు దగ్గరపడిన ఉద్యోగం కుర్చీలో చెమట ఆరకముందే పోయింది. దారిలో షరీఫాబీ ఏదేదో అంటూనే ఉంది, షంషుద్దీన్‌కు ఒక్కటీ వినపడలేదు. చేతులున్నాయి, కాళ్లున్నాయి, లెక్క ఉంది. ఏ రైతు గంప అడుగున ముదురు కాయలు పెడతాడో తెలుసు. కాటా దగ్గర తూకం వేయగలడు. గంపలు లెక్క పెట్టగలడు. అవన్నీ మండీలో ఉన్న పనులే. గొంతు ఒక్కటి పోతే మనిషి మొత్తం పోయినట్టేనా అని అతనికి గుండె మండిపోయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అయినా మర్నాడు అలవాటు కొద్దీ వెళ్లి మండీ బయట నిలబడ్డాడు. కిరణ్ డిగ్రీ చదివినవాడు, మెడలో మైకు వేలాడేసుకున్నాడు. పాటను క్రికెట్ కామెంటరీలా మొదలుపెట్టాడు. "ఇప్పుడు మన ముందుకు వస్తున్నది నాణ్యమైన, తాజా, పచ్చని వంకాయ" అంటుండగానే కొనేవాళ్లు పక్క మండీకి నడిచారు. ఆ నాణ్యమైన వంకాయ ఎండకు వడలసాగింది. షంషుద్దీన్‌కు నవ్వొచ్చింది, నవ్వకూడదని గుర్తొచ్చింది, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాడు.

నెల తిరిగాక మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు దగ్గర నర్సు కేథరిన్ షరీఫాబీ చెప్పిందంతా విన్నది. ఆమెది తర్లుపాడు.

"వదినా, ఇన్నేండ్లు చేసినోళ్లని నోటిమాటతో పొమ్మనే దానికి లేదు," అంది. "మా ఇంటాయన డేవిడ్ పలకల ఫ్యాక్టరీల పనిచేస్తా నడుం పడిపోతే వాళ్లూ అట్లనే అన్నారు. లేబర్ ఆఫీసుకు పోయినాం. పిలిపిచ్చి మాట్లాడినారు. ఇప్పుడు కూర్చొని పలకలకు ఫ్రేములు బిగిస్తాండాడు. ఒంట్ల బాగలేకపోయేది నేరమా ఏంది?"

ఈ చివరి మాట షంషుద్దీన్ లోపలికి దిగింది. నెల రోజులుగా అతను నేరస్థుడిలాగే తల వంచుకు తిరుగుతున్నాడు మరి.

లేబర్ ఆఫీసులో స్వర్ణలత అనే అధికారి ఉంది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఓబులయ్యకు కబురు పంపింది, ఇద్దరికీ ఒకే రోజు రమ్మని చెప్పింది. ఆ రోజు పొద్దున షరీఫాబీ మొగుడి చొక్కా గుండీలు పెడుతూ బాగా నూరిపోసింది.

"సగం జీతమిచ్చి ఏ మూలన కూర్చోమన్నా తలూపు. బెట్టు చేయొద్దు. ఆయన వద్దంటే మనకు దిక్కెవరు?"

షంషుద్దీన్ తలూపాడు. అతనూ అదే అనుకున్నాడు.

ఆఫీసులో షరీఫాబీ మొదలుపెట్టిన వాక్యం మరిది పెళ్లి వైపు వెళ్తుండగా స్వర్ణలత ఆపింది. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. ఆయన సంగతి ఆయనే చెప్తారు. అవునంటే తలూపుతారు, కాదంటే అడ్డంగా ఊపుతారు, అంతేగా," అంది. షరీఫాబీ బయట బెంచీ మీద కూర్చుని తలుపు సందులోంచి మొగుడికి తలూపి చూపించింది, ఎలా ఊపాలో.

స్వర్ణలత ఓబులయ్యకు ఉన్నమాట చెప్పింది. ఇన్నేళ్ల సర్వీసున్న మనిషిని తీసేయాలంటే సరైన కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి, గ్రాట్యుటీ కట్టాలి. అదంతా కాకుండా అతను చేయగల వేరే పని మండీలో ఉంటే అది ఇచ్చి ఉంచుకోవడం అందరికీ మంచిది. "మీరేమంటారు?" అని అడిగింది.

"ఏమంటాం మేడం. పాపమని ఒక నెల జీతం చేతిలో పెడతా. పోయి ఏదన్న చూసుకుంటాడు," అని ఓబులయ్య షంషుద్దీన్ వైపు చూశాడు.

ఉద్యోగం లేని జీతం అతనికెందుకు? షంషుద్దీన్ కదల్లేదు.

ఇక్కడ మండీ మనుషులకున్న ఒక రోగం గురించి చెప్పాలి. దానికి ఏ ఒంగోలు డాక్టరూ మందివ్వలేడు. ధర చెప్పాక ఎదుటివాడు పలకకపోతే వాళ్లు దాన్ని మౌనం అనుకోరు. చాలలేదు అనుకుంటారు. వెంటనే ఇంకో మెట్టు ఎక్కుతారు. ఓబులయ్య పుట్టింది మొదలు ఆ గాలే పీల్చాడు. షంషుద్దీన్ మాట్లాడకూడదని అతని బుర్రకు తెలుసు. నాలుకకు తెలియదు.

"సరే, సంచులు కుట్టే కాడ కూర్చో. సగం జీతం," అన్నాడు.

షంషుద్దీన్ ప్రాణం లేచొచ్చింది. తలూపబోయాడు. సరిగ్గా అప్పుడే గొంతులో గరగర మొదలైంది. దగ్గు. దగ్గితే గొంతు పోతుందని డాక్టరు చెప్పాడు. ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి, కళ్లు కూడా ఆర్పకుండా రాయిలా కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది.

ఆ మొహం చూసి ఓబులయ్య కుర్చీలో కదిలాడు. "అంత కోపమెందుకు షంషూ. సంచులు వద్దులే. కాటా కాడ ఉండు. ముప్పావు జీతం," అన్నాడు.

తలుపు సందులో షరీఫాబీ తల పైకీ కిందికీ ఊగిపోతోంది. షంషుద్దీన్‌కు అది కనపడలేదు. ముప్పావు అన్న మాట విని కంగారులో దగ్గు ఎటు పోయిందో పోయింది, మెడ మాత్రం కదల్లేదు.

"అబ్బ, ఏం మనిషివయ్యా. నిండు జీతం. అదే జీతం, కాటా కాడ. అయిందా?" అన్నాడు ఓబులయ్య. చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఆ చెవులు చూడగానే షంషుద్దీన్ లోపల పాటగాడు లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊరందరి టమాటాలు, వంకాయలు పెట్టె ఎక్కి అమ్మాడు. ఇవాళ రాశి తానే. ఇలాంటి చెవులున్నవాడి దగ్గర ఇంకొక మెట్టు ఉంటుందని అతనికి తెలుసు. అది ఏంటో మాత్రం అతనికే తెలియదు. జీతం నిండుగా వచ్చింది, పని వచ్చింది, ఇంకేం కావాలి? అయినా ఏదో మిగిలింది. ఇన్నాళ్లుగా గుండెలో గుచ్చుకుంటున్నది ఏదో ఇంకా పోలేదు. అతను కావాలనే కదలకుండా కూర్చున్నాడు.

"ఒప్పుకున్నట్టేనా అండీ?" అంది స్వర్ణలత.

షంషుద్దీన్ ఓబులయ్యనే చూస్తున్నాడు.

"మందుల ఖర్చు ఇస్తా," అన్నాడు ఓబులయ్య. తర్వాత, "డాక్టర్ కాడికి పోయిన దినాలు గూడ కోత వెయ్యను," అన్నాడు. ఫ్యాను తిరుగుతోంది. ఓబులయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇవ్వడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. లేకపోయేసరికి, ఉన్నది బయటికొచ్చింది.

"నాకు తెల్వదా షంషూ," అన్నాడు, గొంతు తగ్గించి. "నీ గొంతు ఏడబోయింది? నా మండీలనే గదా. వానాకాలం రేకుల మీద వాన దంచుతాంటే, పక్క మండీవోని గొంతు వినబడగూడదని, నీ ఎనక నిలబడి ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం గట్టిగా అన్నది ఎవరు? నేనే. నువ్వు నెత్తుర్లు కక్కేట్టు అరిచినావు. నేను అమ్ముకున్నా. అది అరిగిపోయినాక నీ నసీబు అంటి. అనగూడని మాట అంటి."

షంషుద్దీన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు తలూపాడు. ఒకసారి కాదు, ఆపలేనన్ని సార్లు ఊపాడు. స్వర్ణలత కాగితం మీద రాసుకుంది, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది. పెన్ను షంషుద్దీన్ చేతికిచ్చేటప్పుడు ఓబులయ్య దాని మూత తనే తీసి ఇచ్చాడు.

తలుపు తీయగానే షరీఫాబీ ఎదురొచ్చింది. లోపలి మాటలు ఆమెకు సగం వినపడ్డాయి, సగం వినపడలేదు. మొగుడి కళ్లు తడిగా ఉండటం చూసి ఆమెకు భయమేసింది.

"ఏమయిందన్నా? సగం జీతమన్నా ఇస్తానన్నావా లేదా?" అంది ఓబులయ్యతో. "అంతకే ఒప్పుకోమని పొద్దున్నే చెప్పి తోలుకొచ్చినా. ఆ మొండి మనిషి వినకపోతే నువ్వన్నా మనసులో పెట్టుకోవద్దన్నా."

ఓబులయ్య ఆమెను చూశాడు. షంషుద్దీన్‌ను చూశాడు. చాలాసేపు చూశాడు. షంషుద్దీన్ తువ్వాలు నోట్లో కుక్కుకుని, పొట్ట పట్టుకుని, నవ్వు ఆపుకోవడానికి గోడకు ఆనుకున్నాడు.

"నవ్వొద్దురా, గొంతు పోతది," అన్నాడు ఓబులయ్య, అతని వీపు మీద చేయి వేసి. "రేపు తెల్లారేతలికి కాటా కాడుండు. ఆ కిరణ్‌గానికి వంకాయను వంకాయ అంటే చాలని నువ్వే ఎట్లన్న నేర్పియ్యి."